నూకరాజు కారులో నా చోటు

నేను ఒక వేడి మీటరుని. చూడ్డానికి చిన్న గడియారంలా ఉంటాను గానీ టైము చెప్పను. ఇంజనులో నీళ్ళు ఎంత కాగుతున్నాయో చెబుతాను. నాకున్నది ఒకటే ముల్లు. ఇంజను చల్లగా ఉంటే అది ఎడమకి వాలి పడుకుంటుంది, వేడెక్కే కొద్దీ లేచి కుడికి జరుగుతుంది. చుట్టూ అంకెలుంటాయి, కుడి చివర కొంచెం ఎర్రరంగు పూసి ఉంటుంది. ముల్లు అక్కడికి చేరితే బండి ఆపాలి. నా చదువంతా అంతే.

నన్ను ఎక్కడో దూరపు ఊళ్ళో, కిటికీలు లేని ఒక షెడ్డులో తయారుచేశారు. నాకు ముల్లు అమర్చినామె నన్ను ఒకసారి మరుగుతున్న నీళ్ళకి కలిపి చూసింది. ముల్లు సరిగ్గా లేచింది. ఆమె తలూపి, నన్ను డబ్బాలో పెట్టేసింది. ఏ సందేహమూ లేకుండా నన్ను నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. తరవాత నన్ను చూసిన వాళ్ళందరూ ముందు నన్ను అనుమానించి, ఆ తరవాత వేరే కారణాలు వెతుక్కున్నారు.

కొన్నాళ్ళు రాజమండ్రిలో ఒక స్పేరు పార్టుల కొట్లో మేకుకి వేలాడాను. అక్కణ్ణించి గోకవరం మస్తాను నన్ను తెచ్చుకున్నాడు. మస్తానుకి టాక్సీ స్టాండు ఎదురుగా చిన్న రేకుల కొట్టు ఉంది. కార్లకి వైర్లు, లైట్లు, హారన్లు బాగుచేస్తాడు. అతని చేతులు పని చేస్తున్నంత సేపూ నోరు కూడా పని చేస్తూనే ఉంటుంది.

నేను వెళ్ళవలసిన కారు నూకరాజుది. తెల్ల అంబాసిడరు. గోకవరంలో జనాన్ని ఎక్కించుకుని, మారేడుమిల్లి దాటి, ఘాటీ ఎక్కి దిగి, చింతూరు వరకూ వెళుతుంది. దాని సొంత మీటర్లు ఎప్పుడో చచ్చిపోయాయి. పాత పెళ్ళి ఫోటోలో మనుషుల్లాగ అవి అలాగే చూస్తూ ఉంటాయి, ఏమీ చెప్పవు. కిందటేడు ఘాటీ మీద ఇంజను కాగిపోయి కాలిపోయింది. వానాకాలమంతా కారు షెడ్డులో పడి ఉందట. అది బాగయి వచ్చిన రోజునే నూకరాజు భార్య వరహాలమ్మ మస్తాను కొట్టు ముందు నిలబడి, అందరికీ వినపడేలా తీర్పు చెప్పింది.

"ఇదిగో మావా, ఇంకొక్కసారి ఇంజను కాలిందా, కారు అమ్మేసి మా అన్నయ్య కొబ్బరితోటకి కాపలా ఎల్దువుగాని. అక్కడైతే కాగేదేం ఉండదు."

నూకరాజు కుర్రతనం నుంచీ స్టీరింగు తప్ప ఇంకేం పట్టుకోలేదు. కొబ్బరితోట మాట వినగానే అతని మొహం మాడిపోయింది. అందుకే నన్ను కొన్నాడు.

మీటరు కొనడం తేలికే. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే కష్టం. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు.

మస్తాను కారులో కూర్చుని నన్ను అటూ ఇటూ పెట్టి చూశాడు. "మీటరంటే డ్రైవరు తల తిప్పకుండా కనపడాలి బాబాయ్. మోకాలు తగలకూడదు. దీపాలు పెట్టాక దీని లైటు ముందద్దంలో మెరవకూడదు. ఇవన్నీ చూస్తే ఇదీ చోటు," అని ముందద్దం పక్కనున్న స్తంభానికి, సరిగ్గా నూకరాజు కంటి దగ్గర నన్ను ఆనించాడు.

నూకరాజు తల వెనక్కి లాక్కున్నాడు, ఎవరో వేలెట్టి పొడవబోయినట్టు.

"అంత దగ్గరెందుకురా? కంట్లో పెట్టేస్తావా ఏంటి?"

"దగ్గరగా ఉంటేనే గదా కనపడేది?"

"వద్దు. కింద పెట్టు."

కింద, స్టీరింగు పక్కన పెట్టాడు. వారం తిరక్కుండానే నూకరాజు మళ్ళీ వచ్చాడు. అక్కడ చీకటిగా ఉందిట. స్టీరింగు కడ్డీ మీదకి మార్చాడు మస్తాను. అక్కడ పట్టపగలు ఎండ నా ముఖం మీదే పడేది. అయినా నూకరాజు కళ్ళు చిట్లించి, గడ్డం పైకెత్తి, వీపు సీటుకి అదిమిపెట్టి నన్ను చూసేవాడు. మళ్ళీ కొట్టుకి వచ్చి, "ముల్లు వణుకుతోందిరా. ఒక్కటి రెండుగా కనపడతంది. నువ్వు తెచ్చింది దొంగ మాలు," అన్నాడు.

నా ముల్లు వణకలేదు. కానీ నేను చెప్పగలిగింది వేడి ఒక్కటే, ఇంకేమీ కాదు.

నాకు ఆ రోజే విషయం అర్థమైంది. నూకరాజుకి నలభై దాటి చాలా ఏళ్ళయింది. చత్వారం వచ్చింది. రోడ్డు మీద దూరంగా ఉన్నవి అతనికి డేగకి కనపడినట్టు కనపడతాయి. రెండు మలుపుల అవతల మేక అడ్డొచ్చినా ముందే బ్రేకు మీద కాలేస్తాడు. దగ్గరవే కనపడవు. టిక్కెట్టు కాయితం, ఫోను, నేను. అందరూ మీటరుని కంటికి దగ్గరగా పెట్టించుకుంటారు. ఇతను మాత్రం చోటు మార్చిన ప్రతిసారీ నన్ను కొంచెం దూరం జరుపుతున్నాడు. ఎందుకు జరుపుతున్నాడో తనతో తను కూడా చెప్పుకోవడం లేదు.

మూడో చోటు డ్యాష్‌బోర్డు మధ్యలో. అయితే అక్కడ తలుపులమ్మ తల్లి బొమ్మ ఉంది. మా వైపు డ్రైవర్లందరికీ ఆవిడే దిక్కు. కొత్త బండి కొన్నా, పాత బండికి కొత్త ఇంజను వేసినా ముందు లోవలో ఉన్న గుడికి తీసుకెళ్ళి ఆవిడకి చూపించాల్సిందే. ఆవిణ్ణి కొంచెం పక్కకి జరుపుదామన్నాడు మస్తాను.

"అమ్మోరిని జరుపుతావా? నువ్వే జరిగిపోతావ్," అంది వరహాలమ్మ. ఆమె ఆ వేళ కారులో వెనక సీటు తుడుస్తోంది.

కాబట్టి అమ్మవారు కదల్లేదు. నేనే ఆవిడ పక్కన సర్దుకున్నాను. అది కొంచెం నయం. నూకరాజుకి నా ముల్లు మసక గీతలా కనపడేది. అటు ఉందా ఇటు ఉందా అన్నంత వరకూ తెలిసేది. అతను సంతోషించాడు. మనుషులకి పూర్తిగా కనపడకపోయినా ఫరవాలేదు, కనపడుతున్నట్టు ఉంటే చాలు.

ఆషాఢంలో మొగుడూ పెళ్ళాలిద్దరూ కారుని లోవకి తీసుకెళ్ళారు. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వరహాలమ్మ గంధం, కుంకుమ కలిపి బానెట్టుకీ స్టీరింగుకీ బొట్లు పెట్టి, చివర నా దగ్గరికి వచ్చింది. "నువ్వు కూడా పని చేసేదానివే గదా," అంది నాతో. నాతో ఎవరన్నా మాట్లాడడం అదే మొదటిసారి. ముల్లు మొదలు కప్పెయ్యకూడదని ఆలోచించి, బొటనవేలితో ఒక పక్కకి పెట్టింది. ఆ పక్క నా కుడి పక్క. సరిగ్గా ఎర్రరంగు మీద.

తిరిగి వస్తుంటే రోడ్డు పక్క జీడితోటలు. గాలి చల్లగా ఉంది. ఇంజను హాయిగా ఉంది, నా ముల్లు మధ్యలో నిలబడి ఉంది. నూకరాజు అలవాటుగా నా వైపు ఒకసారి చూసి, ఒక్కసారిగా బ్రేకు వేశాడు. దూకినట్టు దిగి బానెట్టు ఎత్తాడు. వరహాలమ్మ తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ సీసా లాక్కున్నాడు.

"ఏవైంది మావా?"

"ముల్లు ఎర్రలోకి పోయిందే! మళ్ళీ కాగిపోయింది!"

ఆమె కిందకి దిగి రేడియేటరు మీద చెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉంది. మళ్ళీ కారులోకి తల పెట్టి నన్ను చూసింది. చాలా సేపు చూసింది.

"ముల్లు మధ్యలో బుద్ధిగా నిలబడింది. నువ్వు చూసింది నా బొట్టు."

నూకరాజు నీళ్ళ సీసా మూత బిగించడం మొదలుపెట్టాడు. అది ఎంతకీ బిగుసుకోలేదు.

"ఎన్నాళ్ళ నించి?" అంది.

"ఏది?"

"కనపడకపోవడం."

"ఎందుకు కనపట్టంలేదు? అదుగో, ఆ చివర తాటిచెట్టు మీద గూళ్ళు ఎన్నున్నాయో చెప్పమంటావా?"

"తాటిచెట్టు సంగతి కాదు నేనడిగింది. కళ్ళజోడు పెట్టించుకో."

అప్పుడతను సూర్నారాయణ సంగతి ఎత్తాడు. సూర్నారాయణ కూడా స్టాండులో డ్రైవరే. ఒకరోజు కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. స్టాండుకి పెద్దలా తిరిగే కొండబాబు అతన్ని చూసి, "ఏరా సోడాబుడ్డీ, రోడ్డు ఎటేపో మేం చెప్పాలా?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. అది అక్కడితో ఆగలేదు. ఘాటీ ఎక్కే జనం సూర్నారాయణ కారు దాటుకుని వెనక కారు ఎక్కడం మొదలుపెట్టారు. ఇప్పుడతను బస్టాండులో జంతికలు అమ్ముతున్నాడు.

"స్టాండులో తెలిస్తే మీ అన్నయ్య కొబ్బరితోట ఎక్కడికీ పోదు, నాకోసం కాసుక్కూచుంటది," అన్నాడు నూకరాజు.

వరహాలమ్మ ఆలోచించింది. ఆమె కోపంగా ఉన్నప్పుడే బాగా ఆలోచిస్తుందని నేను గమనించాను.

"దూరానివి కనపడతాయి గదా. అయితే దీన్ని ఇంకా దూరం జరిపించు. ఆ ఎడమ చివరకి. ఎవరికీ చెప్పను. కానీ ఇంజను కాలిందా, నా మాట నా మాటే."

"ముందు ఆ బొట్టు తుడుచెయ్యవే."

"అమ్మోరి ముందు పెట్టిన బొట్టు. నేను తుడవను. నువ్వు తుడు."

"నేనెందుకు తుడుస్తాను?"

మర్నాడు మస్తానుని అడిగారు. అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "బాబోయ్, మీ అమ్మోరి బొట్టు నేను తుడవడమేంటి? రేపు మీ బండికి పంచరైనా నన్నే అంటారు." అలా ఆ బొట్టు నా ముఖం మీద ఉండిపోయింది. గంధం ఎండి రాయిలా గట్టిపడింది.

మస్తాను నన్ను విప్పి, తీగ పొడుగు కలిపి, ఎడమ చివర, ముందు సీటులో కూర్చునే మనిషికి ఎదురుగా బిగించాడు. బిగిస్తూ, "డ్రైవరిటు, మీటరటు. ఏ కారులోనూ చూళ్ళేదు బాబాయ్. పెళ్ళికొడుకు ఇక్కడ, తాళిబొట్టు అక్కడ అన్నట్టుంది," అన్నాడు.

"అటైతే ఎండ పడదు," అన్నాడు నూకరాజు.

అక్కణ్ణించి అతనికి నా ముల్లు స్పష్టంగా కనపడింది. ఆ వేళ దారి పొడుగునా అతను ఈల వేస్తూనే ఉన్నాడు.

కానీ ఆ చోటుకి వేరే కష్టాలున్నాయి. ముందు సీటులో కూర్చున్న ప్రతివాళ్ళూ నన్ను తడిమేవాళ్ళు. ఒకాయన నాలో మొహం చూసుకుని తల దువ్వుకున్నాడు. ఇంకొకాయన నన్ను గడియారం అనుకుని, దారిపొడుగునా మధ్యాహ్నం కావడం లేదేమిటా అని విసుక్కున్నాడు. పిల్లలు బొట్టుని గోటితో గీరబోతే తల్లులు చేతి మీద కొట్టేవారు.

చింతూరు సంత రోజున గాజుల సూరమ్మ ముందు సీటు ఎక్కింది. సంత సంతకీ తిరిగి గాజులు అమ్ముతుంది. గాజులు గుత్తులుగా కట్టిన మలారం ఒళ్ళో పెట్టుకుంది. అది ఆమె గడ్డం దాకా ఉంది. దాని వెనక నేను పూర్తిగా మూసుకుపోయాను. వెనక సీటులో జనం ఇరుక్కుని కూర్చున్నారు, డిక్కీలో మూటలు.

మారేడుమిల్లి దాటి ఘాటీ మొదలైంది. రెండు మలుపులు తిరిగేసరికి నాలో ముల్లు లేవడం మొదలైంది. మూడో మలుపులో ఇంకా లేచింది. ఇంజనుకి నీళ్ళు తెచ్చే గొట్టం ఎక్కడో చిట్లింది. నాకు ఆ గొట్టం కనపడదు, నీళ్ళ వేడి మాత్రం తెలుస్తుంది. నూకరాజు ముక్కు ఎగబీల్చాడు. ఏదో కాగుతున్న వాసన. నా వైపు చూశాడు. ఎర్ర గాజులు, ఆకుపచ్చ గాజులు కనపడ్డాయి.

"సూరమ్మత్తా, ఆ మలారం కొంచెం దించుతావా?"

"ఎక్కడికి దించను, నీ నెత్తి మీదకా? కాళ్ళకిందంతా మీ వోళ్ళ మూటలే."

ఆ ఎత్తులో నిండు బండిని ఆపితే మళ్ళీ కదలడం కష్టం. పైన ఒక చదును చోటు ఉంది. వేడి ఎర్రదాకా వెళ్ళకపోతే అక్కడిదాకా పోవచ్చు. వెళ్ళిపోతే ఈ క్షణమే ఆపాలి. అది చెప్పగలిగేదాన్ని నేనొక్కదాన్నే. నేనేమో గాజుల వెనక ఉన్నాను.

అప్పుడే కారు ఒక గోతిలో పడింది. మస్తాను బిగించిన మర ఊడింది. నేను తీగకి వేలాడుతూ జారి సూరమ్మ మలారం మీద పడ్డాను.

"అయ్యో, మీ గడియారం ఊడిపోయింది బాబూ," అని ఆమె నన్ను తీసి, మంచి మనసుతో, తీగ సాగినంత మేరా లాగి నూకరాజు మొహానికి దగ్గరగా పెట్టింది. "ఇదిగో చూసుకో."

నూకరాజు రోడ్డు మీంచి ఒక్క క్షణం కళ్ళు తిప్పి, తల వెనక్కి లాగాడు. "కొంచెం దూరంగా పట్టత్తా."

ఆమె కొంచెం జరిపింది.

"ఇంకొంచెం."

"ఇక్కడా?"

"ఇంకా."

ఆమె చెయ్యి అటు తలుపుకి తగిలింది. వెనక సీటులోంచి ఎవరో, "ఇంకా దూరం అంటే కిటికీలోంచి బయట పడెయ్యాలి," అన్నారు. అందరూ నవ్వారు. కారు కుదుపుకి ఆమె చెయ్యి ఆగడం లేదు, నా అద్దం మీద వెలుగు మెరుస్తోంది. నూకరాజుకి నా ముఖంలో బొట్టు ఒక్కటే కనపడింది.

"అత్తా, నువ్వే చూసి చెప్పు. ముల్లు ఏ అంకె మీదుంది?"

సూరమ్మ నన్ను దగ్గరకి తీసుకుంది. ఆమె నవ్వింది. అందులో సిగ్గు లేదు. "అంకెలు నాకు రావు బాబూ. బళ్ళోకెళ్ళిన మొహమా నాది? గాజు సైజైతే చేతి మీద చూసి చెప్తాను. అంకెలు నువ్వు చదూకో."

నాకు అంకెలు రావు అని, ఈ రోజు ఎండగా ఉంది అన్నంత తేలిగ్గా చెప్పింది. నూకరాజు ఒకసారి ఆమె వైపు చూశాడు. తరవాత వెనక అద్దంలో కనపడుతున్న మొహాల వైపు చూశాడు.

"నాకు దగ్గరవి కనపడవత్తా," అన్నాడు. "చత్వారం. నాకు ముల్లు కనపట్టం లేదు."

కారులో నవ్వు ఆగిపోయింది.

సూరమ్మ నన్ను తిప్పి వెలుగులోకి పట్టింది. "నాకూ ముల్లు కనపట్టం లేదు. బొట్టు ఉంది. బొట్టు కిందనించి మొదలు మాత్రం వస్తంది."

"బొట్టు కిందకా?"

"బొట్టు కిందకే."

నూకరాజు అప్పుడే బండిని కొండవైపుకి లాగి ఇంజను ఆపేశాడు. దిగి ఒక పెద్ద రాయి తెచ్చి చక్రం వెనక పెట్టాడు. బానెట్టు ఎత్తితే ఆవిరి ఇడ్లీపాత్రలోంచి వచ్చినట్టు వచ్చింది. నా ముల్లు కాసేపు అలాగే ఉండి, నెమ్మదిగా బొట్టు కిందనించి బయటికి వచ్చింది. ఇంజను కాలలేదు. ఇంకొక మలుపు తిరిగి ఉంటే కాలిపోయేది.

జనం దిగారు. ఒకాయన టవలు భుజానేసుకుని గట్టిగా, "కళ్ళు కనపడనోడి బండిలోనా మనం వచ్చింది?" అన్నాడు. బండి వదిలి పోదామన్నా అక్కడ అడవి తప్ప ఏమీ లేదు. నూకరాజు వంగి చిట్లిన గొట్టానికి పాత ట్యూబు ముక్క చుట్టి కడుతున్నాడు. తల ఎత్తలేదు.

సూరమ్మ మలారం బండరాయి మీద పెట్టి, ఎదురు కొండ వైపు చెయ్యి చూపించింది.

"ఏరా అబ్బాయ్, ఆ కింద మలుపులో ఏమొస్తంది?"

నూకరాజు తలెత్తి చూశాడు. "లారీ. వెదురు లోడు. ముందు ఎడం దీపం పగిలింది."

అందరూ చూశారు. వాళ్ళకి ఒక చుక్క కనపడింది. ఆ చుక్క చాలాసేపటికి మెలికలు తిరుగుతూ వచ్చి లారీ అయింది. దాన్నిండా వెదురు. ముందు ఎడమ దీపం పగిలి ఉంది.

సూరమ్మ టవలాయన వైపు తిరిగింది. "బండి ఎల్లేది దూరానికే గదా. ఈ దగ్గరదేదో నేను చూస్తాలే. ఎక్కండి."

వాగులోంచి నీళ్ళు తెచ్చి పోశారు. అందరూ ఎక్కారు. టవలాయన ఆఖర్న ఎక్కాడు గానీ ఎక్కాడు. చింతూరు దాకా సూరమ్మ నన్ను గాజుల మీద పెట్టుకుని కూర్చుంది. ప్రతి మలుపులోనూ, "మధ్యలో ఉంది... మధ్యలోనే ఉంది... కొంచెం లేచింది, కంగారు పడకు," అని చెబుతూ వచ్చింది.

కబురు మాకంటే ముందే స్టాండు చేరింది. మస్తాను నన్ను మళ్ళీ ఎడమ చివరే బిగించాడు. మర్నాడు పొద్దున్న నూకరాజు కారు వరసలో పెట్టి, లోపలే కూర్చున్నాడు. దిగలేదు. వరహాలమ్మ కూడా వచ్చి ముందు సీటులో కూర్చుంది. ఎవరన్నా ఏమన్నా అంటే జవాబు చెప్పడానికే వచ్చిందని ఆమె కూర్చున్న తీరులోనే తెలిసింది. కొండబాబు నోట్లో పుల్ల నములుతూ వచ్చి కిటికీలోంచి తల పెట్టాడు. నూకరాజుని చూడలేదు. నన్ను చూశాడు. తలని కొంచెం వెనక్కి పెట్టి చూశాడు, గడ్డం పైకెత్తి. ఆ చూపు నేను బాగా ఎరుగుదును.

ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మస్తాను కొట్టు ముందు కొండబాబు కారు ఆగింది. ఎదురుగా వరసలో ఉన్న నాకు అతని గొంతు వినపడింది.

"అలాంటిదే నాకోటి పెట్టరా. అటేపే. నాకు కుడి చెయ్యి కొంచెం విసురెక్కువ, ఇటేపుంటే అద్దం పగులుద్ది."

"ఆహా," అన్నాడు మస్తాను.

తరవాత ఒక్కొక్కళ్ళే వచ్చారు. ఒకతనికి జ్యోతిష్కుడు ఎడమవైపు మంచిదన్నాడట. ఒకతనికి కారు ముందుభాగం బోసిగా ఉందట. ఒకతను ఏమీ చెప్పలేదు, వేలితో చూపించి ఊరుకున్నాడు. మస్తాను ఎవరినీ ఏమీ అడగలేదు. అంత మాట్లాడే మనిషి మర బిగిస్తున్నంత సేపూ పెదవి బిగబట్టుకుని ఉన్నాడు.

వరహాలమ్మ నూకరాజుని రాజమండ్రి తీసుకెళ్ళి కళ్ళజోడు పెట్టించింది. పై సగం దూరానికి, కింది సగం దగ్గరకి చూసే అద్దాలు. స్టాండు మొత్తం మీద కళ్ళజోడున్న డ్రైవరు అతనొక్కడే. ఇప్పుడతనికి నేను ఎక్కడున్నా కనపడతాను. మస్తాను నన్ను మళ్ళీ కుడివైపుకి, అసలు ఉండాల్సిన చోటుకి మారుస్తానన్నాడు.

"వద్దురా, ఉండనీ," అన్నాడు నూకరాజు. "ముందు సీటోళ్ళకి అలవాటయింది. తీసేస్తే ఊరుకోరు."

అది నిజమే. ఘాటీ ఎక్కే కారుల్లో ఇప్పుడు ముందు సీటుకి పోటీ. ఎక్కినవాళ్ళు సర్దుకుని, గొంతు సవరించుకుని, మలుపు మలుపుకీ ముల్లు ఎక్కడుందో చెబుతారు. మొన్న హైదరాబాదు నుంచి అడవి చూడ్డానికి వచ్చిన ఒకాయన కొండబాబు కారు ఎక్కబోతూ, మీటరు అటువైపు ఎందుకుందని అడిగాడు. కొండబాబు నోట్లోంచి పుల్ల తీసి, ఆయన్ని జాలిగా చూశాడు.

"మా గోకవరంలో అంతేనండి. డ్రైవరు రోడ్డు చూడాలి గదండీ. మీటరు మీరు చూడాలి. ఎక్కండి, ఎక్కి గట్టిగా చెబుతూ ఉండండి."